కదలని పిల్లలు

1947 జనవరి 30, గురువారం, ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలు. వాకిలి స్తంభానికి బిగించిన ఉష్ణమాపకంలో పాదరసం సున్నాకు ఇరవై ఆరు గీతల దిగువన ఉంది. వాయవ్యం నుంచి రెండు రోజులుగా వీస్తున్న గాలి తగ్గలేదు. మంచు ఉత్తరపు కిటికీని సగం వరకూ కప్పేసింది. మానిటోబా దక్షిణాన షోన్‌గ్రుండ్ అనే ఊళ్ళో, కోర్నేలియస్ డ్యూక్ ఇంట్లో, అతని రెండో భార్య యుస్టీనా ఇనుప పొయ్యిలో బొగ్గు పోసి, అయిదు నిమిషాలు ఆగి, పొగగొట్టంలో గాలి లాగుడును అదుపు చేసే పలకను అడ్డంగా తిప్పి మూసింది.

కొత్త బొగ్గు మీద నీలి మంట లేచి నిలకడగా వెలిగేదాకా, కనీసం ఇరవై నిమిషాలు, పలకను ముట్టుకోవద్దని కోర్నేలియస్ చెప్పి వెళ్ళాడు. అతని మాట ఆమెకు గుర్తుంది. అయినా తిప్పింది. అందుకు కారణం పొదుపు కాదు. గాలి లాగినప్పుడల్లా ఆ గొట్టం హోరుమంటుంది, అరగంటలో ప్రార్థన మొదలవుతుంది.

ఆ ఊళ్ళో ఇంటి ప్రార్థన నోటితో చేసేది కాదు. వాక్యం చదవడం పూర్తయ్యాక అందరూ లేచి, వెనక్కి తిరిగి, తాము కూర్చున్న బల్ల మీదే మోచేతులు ఆనించి మోకరిస్తారు. కళ్ళు మూసుకుంటారు. ఇంటి పెద్ద ఆమెన్ అనేదాకా ఊపిరి తప్ప మరో చప్పుడు వినిపించకూడదు. ఆ నిశ్శబ్దం ఎంత చిక్కగా ఉంటే ఆ ఇంటి భక్తి అంత చిక్కనిదని అందరి నమ్మకం. చిన్నపిల్లలు ఎంతసేపు కదలకుండా ఉండగలరన్నదాన్ని బట్టి తల్లి పెంపకాన్ని బేరీజు వేసేవారు.

యుస్టీనా ఆ ఇంటికి వచ్చి పద్నాలుగు నెలలు. పిల్లలు ముగ్గురు: అగనేతాకు పదకొండేళ్ళు, గెర్హార్డ్‌కు ఎనిమిది, లీసేకు ఐదు. వాళ్ళ తల్లి పోయి మూడేళ్ళయింది. కోర్నేలియస్ మంగళవారం బొగ్గు కోసం, పిండి కోసం మంచు మీద జారే స్లెడ్జి బండి కట్టుకుని పట్నం వెళ్ళి, తుఫాను వల్ల తమ్ముడి ఇంట్లో చిక్కుకుపోయాడు. అందువల్ల ప్రార్థన నడిపించే బాధ్యత మొదటిసారి యుస్టీనా మీద పడింది.

ఆ బాధ్యతను ఆమె బరువుగా భావించలేదు. తొమ్మిదో ఏట అనాథ అయి, ఇరవై రెండేళ్ళు పరాయి వంటిళ్ళలో పనిచేసిన మనిషి ఆమె. ఆ ఇళ్ళన్నిటిలో రోజు మొత్తం మీద ఆమెను ఎవరూ పని అడగని సమయం ప్రార్థన ఒక్కటే. ఆ కాసేపు యజమానురాలూ ఆమే ఒకే ఎత్తులో మోకాళ్ళ మీద ఉండేవారు. చిన్ననాడు ఆ నిశ్శబ్దంలో ఆమె దేవుడితో తన గోడు చెప్పుకునేది. పెద్దయ్యాక ఏమీ చెప్పకుండా ఆయన దగ్గర ఊరికే కూర్చునేది. ఈ పిల్లలకు తాను ఇవ్వగలిగింది మరేదీ లేకపోయినా ఆ కాసేపటి శాంతిని ఇవ్వాలని ఆమె కోరిక.

బుధవారం ఉదయం ఆ కోరిక నెరవేరలేదు. గెర్హార్డ్ అలవాటుగా నాలుగు ఊపిరులకొకసారి ముక్కు ఎగపీల్చాడు. లీసే పిల్లికూన తోక పట్టుకోబోయి బల్ల కిందికి దూరింది. పక్క గదిలో కాలి నొప్పితో పడుకుని ఉన్న అత్తగారు కటరీనా తన కర్రతో చెక్కగోడ మీద నాలుగుసార్లు కొట్టింది. ప్రార్థనలో ఎవరు చప్పుడు చేసినా గోడ మీద ఒక దెబ్బ. ఇది ఆవిడ పెట్టిన పద్ధతి.

ఆ తర్వాత కర్ర ఊతంతో భోజనాల బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ప్రార్థన అయిందా అమ్మాయ్, లేక మధ్యలో ఆపేశావా?" అంది గంజి గిన్నె దగ్గరికి లాక్కుంటూ. "గోడ అవతల పడుకుని వింటుంటే మనింట్లో పశువుల సంత పెట్టారేమో అనుకున్నా."

"చిన్నపిల్లలు కదా అత్తయ్యా."

"వాళ్ళమ్మ ఉన్నప్పుడు ఇంకా చిన్నపిల్లలు. అప్పుడు నా కర్రకి పనుండేది కాదు."

"అప్పుడు లీసే ఉయ్యాల్లో ఉండేది నాయనమ్మా," అన్నాడు గెర్హార్డ్. "నిద్రపోయేవాళ్ళు ఎలాగూ మాట్లాడరు."

"నువ్వు ముందు ముక్కు చీదుకో. నాకు న్యాయం తర్వాత చెబుదువుగాని."

పిల్లలు నవ్వారు. యుస్టీనాకు నవ్వు రాలేదు. చనిపోయిన మనిషితో పోటీ పడి గెలవలేమని ఆమెకు తెలుసు. కానీ ఓడిపోయానని రోజూ గోడ మీద దెబ్బలు విని తెలుసుకోవడం ఆమెకు దుర్భరంగా ఉంది. ఆ సాయంత్రం పిల్లల పడకలు సర్దుతూ, తాను అంతకుముందెన్నడూ అనని మాట అంది.

"రేపు ప్రార్థనలో, నేను ఆమెన్ అనేలోపల, ఎవరు కదిలినా, ఎవరు నోరు తెరిచినా, దేవుడు వాళ్ళ వైపు నుంచి మొహం తిప్పేసుకుంటాడు."

"తిప్పేసుకుంటే మళ్ళీ చూడడా?" అని లీసే అడిగింది.

"అది ఆయనిష్టం."

అలాంటి మాట ఏ బోధకుడి నోటా ఆమె వినలేదు, ఏ లేఖనంలోనూ చదవలేదు. అది అబద్ధమని అంటున్నప్పుడే ఆమెకు తెలుసు. పిల్లల ముగ్గురి మొహాలూ ఒక్కసారిగా గంభీరమయ్యాయి. అది చూసి ఆమె, ఈ మాట పని చేస్తుంది అనుకుంది.

గురువారం ఉదయం అగనేతా జడ వేయించుకుంటూ, "తల దిమ్ముగా ఉంది పిన్నీ," అంది.

"చన్నీళ్ళతో మొహం కడుక్కో. అదే పోతుంది."

కిటికీ సందుల్లో శీతాకాలం మొదట్లోనే గుడ్డపేలికలు కుక్కి, పైన పిండి జిగురుతో కాగితాలు అతికించారు. రాత్రంతా ఆ గది అలా మూసే ఉంది. పిల్లల బల్ల పొయ్యి పక్కనే గోడ వారగా ఉంది, ఎందుకంటే చలికాలంలో వెచ్చని చోటు పిల్లలదే. తండ్రి కుర్చీ ఖాళీగా ఉంది. వాక్యం చదివేవారు అక్కడ కూర్చోవాలి, యుస్టీనా కూర్చోలేదు. మగవాడి స్థానం ఆక్రమించిందనే మాట కూడా ఎందుకు పడాలని తన ముక్కాలిపీట మీదే కూర్చుంది. ఆ పీట పశువుల కొట్టంలోకి వెళ్ళే తలుపు దగ్గర ఉంటుంది. ఆ ఊళ్ళో ఇల్లూ కొట్టమూ ఒకే కప్పు కింద ఉంటాయి. మధ్య తలుపు కింది సందులోంచి చల్లగాలి ఎప్పుడూ చీలమండలను కోస్తూ ఉంటుంది. ఆమె బ్రతికి బయటపడడానికి ఆ సందే కారణమైంది.

ఆరు ఇరవైకి చదవడం మొదలుపెట్టింది. ఒక కీర్తన, దాని వివరణ, ఒక పాట. పాటలో పిల్లల గొంతులు సన్నగా, నిద్రమత్తుగా వినిపించాయి. ఆరు నలభైకి అందరూ వెనక్కి తిరిగి మోకరించారు.

మొదట గెర్హార్డ్ ముక్కు చప్పుడు రెండుసార్లు వినిపించింది. గోడ మీద దెబ్బ పడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

అంతటి నిశ్శబ్దం ఆ గదిలో ఆమె ఎన్నడూ ఎరగదు. పొయ్యి కూడా మాట్లాడలేదు. గోడ మీద కర్ర మోగలేదు. గోడకు అవతల ఆ ముసలావిడ చెవులు రిక్కించి వింటూ ఉంటుందని, వంక పెట్టడానికి ఏమీ దొరకక పడుకుని ఉంటుందని యుస్టీనాకు తెలుసు. దేవుడి ముందు మోకాళ్ళ మీద ఉండి కూడా ఆమెకు గర్వం కలిగింది. రోజూ ప్రార్థన అయిదు నిమిషాలు. ఆ రోజు అయిదు నిమిషాలు దాటాయని తెలిసీ ఆమెన్ అనలేదు. ఇంకాస్త సేపు, అనుకుంది. అత్తయ్య వినాలి. కణతల్లో నెత్తురు కొట్టుకుంటోంది, తల కిందికి లాగుతోంది; అదంతా భక్తి బరువే అనుకుంది.

ఎంతసేపు గడిచిందో ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు లెక్క కట్టినా తేలలేదు. గోడగడియారం ఏడు కొట్టడం మాత్రం విన్నది. ఆ గంటల చప్పుడు ఆగాక, ఏదో లోటుగా ఉందని ఆమెకు తోచింది. కాసేపటికి ఆ లోటు ఏమిటో తెలిసింది. గెర్హార్డ్ ముక్కు ఎగపీల్చడం లేదు. పద్నాలుగు నెలల్లో ఆ పిల్లవాడు నిద్రలో తప్ప ఇంతసేపు ఆ చప్పుడు లేకుండా ఎప్పుడూ లేడు.

ప్రార్థనలో కళ్ళు తెరవడం తప్పు. ఆమె కళ్ళు తెరిచింది.

ముగ్గురూ బల్ల మీదికి వంగి, నుదుళ్ళు చేతుల మీద ఆనించి, చక్కగా ఒక వరుసలో ఉన్నారు. గెర్హార్డ్ చెంప ఒకటి ఇటు తిరిగి ఉంది. అది ఎర్రగా, ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడి చెంపలా నిగనిగలాడుతోంది. ఎంత ముద్దుగా ఉన్నాడు అనుకుంది, ఒక్క క్షణం. అప్పుడు లీసే పెదవి మూల నుంచి కారిన చొంగ బల్ల అంచు దాటి నేల మీద చుక్కలు చుక్కలుగా పడడం చూసింది. ఆ పిల్ల దాన్ని తుడుచుకోవడం లేదు.

"లీసే," అంది.

ఎవరూ తల ఎత్తలేదు.

"ఆమెన్," అంది. గొంతు పెంచి మళ్ళీ అంది. "ఆమెన్. లేవండి. అయిపోయింది, లేవండి."

లేవబోతే మోకాళ్ళు తనవి కానట్టు వంగిపోయాయి. అప్పుడామెకు పలక గుర్తుకొచ్చింది. తాను పొయ్యి గొంతు నొక్కింది. ఆ పొయ్యి తన పిల్లల గొంతు నొక్కింది. కొట్టం తలుపు తోసి, పాకుతూ వెళ్ళి, చేతికందిన పిల్లను అందినట్టే రెక్క పట్టుకుని ఈడ్చింది. మొదట అగనేతా, తర్వాత గెర్హార్డ్. లీసే గోడ మూలన ఉండడం వల్ల ఆఖరున అందింది. ఆ కారణానికి కూడా తానే బాధ్యురాలినని, మూల చోటు ఆ పిల్లకు తానే ఇచ్చానని, ఈడుస్తున్నప్పుడే ఆమె మనసు లెక్క రాసుకుంది.

వెనక గాజు పగిలిన చప్పుడైంది. కటరీనా రాత్రి గౌనుతోనే వచ్చి, కర్రతో కిటికీ పగలగొట్టి, పొగగొట్టం పలకను నిలువుగా తిప్పి, గోడ పట్టుకుంటూ కొట్టంలోకి వచ్చింది.

"బొగ్గు విషగాలి," అంది. "ఊపిరుందా?"

"ఇద్దరికీ ఉంది. దీనికి తెలియట్లేదు."

ఆవుల ఊపిరితో కొట్టం వెచ్చగా ఉంది. గెర్హార్డ్ గడ్డి మీద వాంతి చేసుకుని ఏడవడం మొదలుపెట్టాడు. అగనేతా కళ్ళు తెరిచి, కప్పును చూస్తూ, తలనొప్పి, తలనొప్పి అని గొణిగింది. లీసే కదలలేదు. ఆ పిల్ల కూడా ఎర్రగా, అందంగా ఉంది. ఛాతీ మీద చెవి ఆనిస్తే యుస్టీనాకు తన గుండె చప్పుడే వినిపించింది.

కటరీనా పక్కన కూలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. పెదవులు కూడా కదలలేదు. డెబ్బై ఒక్క ఏళ్ళ అలవాటు అది.

"మౌనం వద్దు అత్తయ్యా," అంది యుస్టీనా. "నోరు తెరవండి. దాన్ని పేరు పెట్టి పిలవండి. ఆయన్నీ పేరు పెట్టి పిలవండి. ఏదో ఒకటి అరవండి."

ముసలావిడ కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది. తర్వాత గొంతెత్తి, బొంగురుగా, "లీసే, ఒసే లీసే," అని పిలిచింది. "ప్రభువా, దీన్ని మాకిచ్చెయ్యి. లీసే, లేవవే తల్లీ." అలా వాళ్ళిద్దరూ, ఒకరు అరికాళ్ళు రుద్దుతూ, ఒకరు చెంపలు తడుతూ, ఒకసారి పిల్లనూ ఒకసారి దేవుణ్ణీ కేకలేసి పిలిచారు. ఆవులు బెదిరి గొలుసులు లాగాయి.

ఎంతకో ఆ పిల్ల గొంతులో ఏదో గరగరలాడింది. దగ్గింది. కనురెప్పలు విప్పి యుస్టీనాను చూసింది. నాలుక తడబడినా మాట అర్థమయ్యేలాగే వచ్చింది.

"ఆమెన్ అయ్యిందా? నేను కదల్లేదు పిన్నీ."

యుస్టీనా ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. మాట్లాడింది అగనేతా, గడ్డి మీద పడుకునే. "నాకు కళ్ళు తిరుగుతున్నాయి, చెబుదామనుకున్నా. నోరు తెరిస్తే దేవుడు మొహం తిప్పుకుంటాడు కదా. అందుకని ఊరుకున్నా."

కటరీనా కోడలి వైపు తిరిగింది. "అలా చెప్పావా వీళ్ళకి?"

"చెప్పాను."

ఆవిడ లీసే నుదుటి మీది గడ్డిపరకలు తీసింది. "చప్పుడు లేకపోతే నేను సంతోషించాను," అంది. "ఇవాళ ఎంత బుద్ధిగా ఉన్నారు అనుకుంటూ పడుకున్నాను. గోడ కొట్టడానికి కూడా ఏమీ లేదనుకున్నాను."

మరునాడు శుక్రవారం. గాలి ఇంకా ఆగలేదు. కిటికీకి గోనెసంచులు కొట్టారు. ఆరు ఇరవై అయింది. యుస్టీనా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది, కానీ విప్పలేకపోయింది. రాత్రంతా ఆమె నిద్రపోలేదు. పలక నిలువుగా ఉందో లేదో తొమ్మిదిసార్లు లేచి చూసింది. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ మూడు వీపులు వరుసగా కనిపిస్తున్నాయి. లీసే మాత్రం గదిలో లేదు.

"ఇవాళ్టికి వద్దులే," అంది కటరీనా. ఆ ఇంట్లో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు.

యుస్టీనా ఆలోచించింది. ఇవాళ మానేస్తే రేపు మానడం సులువవుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ పిల్ల మనసులో నిన్నటి సంగతి దేవుడి పనిగానే మిగిలిపోతుంది. తన అబద్ధం ఆ చిన్న బుర్రలో ఆయన మొహంగా గట్టిపడుతుంది. అలా గట్టిపడిన మొహానికి ఏ మనిషీ తన గోడు చెప్పుకోదు. ఆమె లేచి కొట్టంలోకి వెళ్ళింది.

లీసే దూడలకు కర్రలు అడ్డం కట్టిన గాట్లో, రెండు దూడల మధ్య నిలబడి ఉంది.

"నేను రాను," అంది. "కదలకుండా ఉండటం నాకు ఇంక చేతకాదు."

"కదలకుండా ఉండక్కర్లేదు. నేను నీకు అబద్ధం చెప్పాను. దేవుడు మొహం తిప్పుకోడు."

"నిజంగా?"

"నిజంగా."

"నీకెప్పుడు తెలిసింది?"

"చెప్పేటప్పుడే తెలుసు."

పిల్ల ఆ మాటను జాగ్రత్తగా పరిశీలించింది. "మరెందుకు చెప్పావు?"

"మీ నాయనమ్మ నన్ను మెచ్చుకోవాలని."

"నాయనమ్మ ఎవర్నీ మెచ్చుకోదు పిన్నీ," అంది లీసే, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

"అవును. నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది."

అయినా పిల్ల గాడి దాటి ఇవతలకు రాలేదు. ఇంట్లోకి వెళ్ళడమంటే ఆ గదిలోకి, ఆ బల్ల దగ్గరికి వెళ్ళడం. బలవంతంగా ఎత్తుకెళ్ళవచ్చు, అయిదేళ్ళ పిల్ల ఎంత బరువు. యుస్టీనా అలా చేయకుండా వెనక్కి వెళ్ళి, పుస్తకమూ లాంతరూ తీసుకుని, పెద్దపిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని కొట్టంలోకే వచ్చింది. పాల బాల్చీ బోర్లించి కూర్చుంది. కటరీనా తలుపు దగ్గర కర్ర మీద బరువు మోపి నిలబడింది.

యుస్టీనా నాలుగు వాక్యాలు చదివింది. తర్వాత మోకరించింది. కానీ కళ్ళు మూసుకోలేదు, పైకే మాట్లాడింది. గట్టిగా ప్రార్థించడం గొప్పలు పోవడమని విని పెరిగిన మనిషికి తన గొంతు తనకే సిగ్గుచేటుగా తోచింది. "ప్రభువా, మేము భయపడ్డాం. ఇంకా భయంగానే ఉంది," అంది. ఆ తర్వాత ఏమనాలో తెలియక ఆగింది. పిల్లల ఛాతీలు ఒక్కొక్కటే చూసుకుంటూ, అవి లేచి పడుతున్నాయని నిర్ధారించుకుంటూ, మళ్ళీ అందుకుంది. "వీళ్ళ ముగ్గురి ఊపిరీ నీదే. నా అబద్ధం నాది. దాన్ని క్షమించు..."

"పిన్నీ," అంది లీసే గాట్లోంచి. "దూడ నా మోచెయ్యి నాకుతోంది."

గెర్హార్డ్ బిగుసుకుపోయాడు. అగనేతా తలుపు వైపు చూసింది. కటరీనా చేతిలో కర్ర కాస్త పైకి లేచింది. పక్కనే చెక్కగోడ ఉంది. అందరూ ఆ కర్ర వంకే చూశారు.

"నాకనీ," అంది యుస్టీనా. "చెప్పావు, మంచి పని చేశావు. ఇంకేమైనా ఉంటే అదీ చెప్పు."

"చక్కిలిగిలిగా ఉంది."

కర్ర మెల్లగా మళ్ళీ నేల మీద ఆనింది. "దూడకి ఉప్పు కావాలి కాబోలు," అంది కటరీనా ఎవరినీ ఉద్దేశించకుండా. "కానివ్వు అమ్మాయ్. చలేస్తోంది నాకు."

ప్రార్థన కొనసాగింది. మధ్యలో లీసే గాడి కర్రల కిందినుంచి దూరి వచ్చింది. మోకరించలేదు, యుస్టీనా భుజం పట్టుకుని నిలబడింది. ఆ చిన్న చెయ్యి ఆమెన్ దాకా అక్కడే ఉంది.

కోర్నేలియస్ ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చేరాడు. యుస్టీనా అతనికి జరిగినదంతా వరుసగా, పలక దగ్గర మొదలుపెట్టి చెప్పింది. తాను కావాలని ప్రార్థన పొడిగించిన సంగతి కూడా దాచలేదు. అతను లేచి వెళ్ళి పలక నిలువుగా ఉందో లేదో చూసి వచ్చాడు.

"ఈ ఊళ్ళో అందరూ మౌనంగానే ప్రార్థిస్తారు," అన్నాడు.

"తెలుసండీ. మీరు నడిపించేటప్పుడు అలాగే కానివ్వండి. కానీ పిల్లల్లో ఎవరికైనా ఏదైనా అనిపిస్తే, మధ్యలోనే చెప్పనివ్వండి."

"మా అమ్మ ఒప్పుకుంటుందా?"

"అడగండి."

కటరీనా పక్క గదిలోంచే, అడగక ముందే జవాబిచ్చింది. "నా కర్ర ఇప్పుడు నడవడానికే. ఇక దాని జోలికి రాకండి."

భయం మాత్రం ఆ ఇల్లు విడిచి వెంటనే పోలేదు. ఆ చలికాలమంతా, ఆ తర్వాతి చలికాలం కూడా, మోకరించే ముందు యుస్టీనా పలకను చేత్తో తాకి చూసేది. ప్రార్థన సాగుతుండగా కళ్ళు తెరిచి పిల్లల ఊపిరి లెక్కపెట్టేది. అది భక్తి కాదేమోనని మొదట్లో బాధపడింది. తర్వాత అలా లెక్కపెట్టడమే తన ప్రార్థనగా మారిందని గ్రహించి, బాధపడడం మానేసింది.

లీసే 1963లో పెళ్ళి చేసుకుని విన్నిపెగ్ వెళ్ళింది; నలుగురు పిల్లలతో ఆమె ఇంట్లో ఉదయ ప్రార్థన ఆరున్నరకు జరిగేది, మధ్యలో ఏ పిల్ల ఏమన్నా ఎవరూ గోడ కొట్టేవారు కాదు.